పన్ను నిలబెట్టే కాలం



కిందటేడు సంక్రాంతి దాటిన వారం రోజులకు ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. నల్లగొండ పక్కనే ఆమె పల్లె. కుడి చెంప మీద కొంగు ఒత్తిపట్టుకుని, ఇంకా కుర్చీలో కూర్చోకముందే, "బిడ్డా, గీ పన్ను పీకెయ్. మూడు దినాలాయె, కంటికి కునుకు లేదు" అంది. లవంగం పెట్టి చూసింది. ఉప్పునీళ్లు పుక్కిలించింది. మందుల షాపులో అడిగి గోళీలు తెచ్చుకుని మింగింది. ఇక లాభం లేదని పొద్దున్నే బస్సెక్కింది. నోటి అద్దం పిడితో ఆ పన్ను మీద మెల్లగా తట్టాను. ఉలిక్కిపడింది. కానీ పన్ను కదలడం లేదు, చిగురు గట్టిగానే పట్టుకుని ఉంది. నమిలే వైపు ఒక నల్లటి గుంట, అంతే. "పీకొద్దు పెద్దమ్మా, నిలబెట్టుకుందాం" అన్నాను. ఆమె నా మొహంలోకి అనుమానంగా చూసి, "పుచ్చిన పన్ను యాడ నిలబడ్తది?" అంది.

న్యాయమైన ప్రశ్న. ఆమె తల్లికి నిలబడలేదు, అత్తకు నిలబడలేదు. పన్ను నొప్పి లేస్తే పీకించుకోవాలి అనే మాట మన పల్లెల్లో ఊరికే పుట్టలేదు. చాలాకాలం మా డాక్టర్ల చేతుల్లో అంతకంటే పెద్ద ఉపాయం ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. ఆ సంగతి ఇంకా చాలా ఇళ్లకు చేరలేదనే బాధతోనే ఈ పూట మీ ముందు మాట్లాడుతున్నాను.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టి ముప్పయ్యేళ్లు దాటింది. ఆ రోజుల్లో పంటి లోపల ఏం జరుగుతోందో చూడాలంటే బొటనవేలంత ఎక్స్‌రే ఫిల్ము ఒకటే దిక్కు. దాన్ని నోట్లో పెట్టి ఫోటో తీశాక, చీకటి పెట్టెలోకి రెండు చేతులూ దూర్చి, ఒక మందులో ముంచి, ఇంకో మందులో ముంచి, కడిగి, తడి ఆరకముందే కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకునేదాన్ని. తీరా చూస్తే వేరు చివర ఫిల్ములో పడకుండా తెగిపోయి ఉండేది. మళ్లీ తీయాలి. ఈలోగా రోగి వాళ్ల ఊరి బస్సు వెళ్లిపోయేది. "మళ్లీ మళ్లీ తిరగలేనమ్మా, పీకెయ్" అనేవాళ్లు. పీకేదాన్ని. వాటిలో ఎన్నో పళ్లు ఈ రోజైతే నిలబెట్టగలిగినవే. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

పెద్దావిడ సంగతికి వస్తాను. ఆమె పన్ను వెనకాల ఒక చిన్న పలక పెట్టాను. దాన్ని సెన్సర్ అంటారు. బిస్కెట్టు కంటే చిన్నది, పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, ఒక మనిషికి వాడిన తొడుగు మరో మనిషికి వాడం. మీట నొక్కిన రెండు మూడు సెకన్లలో ఎదురుగా కంప్యూటరు తెర మీద ఆమె పన్ను బొమ్మ అరచేయంత పెద్దదిగా వచ్చింది. మేం దీన్ని ఆర్‌విజీ అంటాం. 1987లో ఫ్రాన్సులో ఫ్రాన్సిస్ మూయెన్ అనే దంతవైద్యుడు దీన్ని లోకానికి ఇచ్చాడు. తెర మీద రెండు వేర్లు తెల్లగా, వాటి లోపల కాలువలు సన్నటి నల్లగీతల్లా, ఒక వేరు కొసన కందిగింజంత నల్లటి నీడ కనిపించాయి. ఆ నీడ చీము. పంటి లోపలి నరం చచ్చిపోయి, కుళ్లు వేరు చివరి నుంచి కిందికి దిగి ఎముకను తినేసిన చోటు అది. ఆమెకు వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. "గిది నా నోట్లోదేనా?" అంది.

నేను ఈ యంత్రానికి అన్నిటికంటే రుణపడింది ఇక్కడే. ఇదివరకు డాక్టరు చెప్పింది రోగి నమ్మాలి, అంతే. ఇప్పుడు ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒకే బొమ్మ చూస్తాం. అక్షరం రాని మనిషి కూడా నలుపూ తెలుపూ చూసి తన సంగతి తాను తేల్చుకోగలుగుతుంది.

ఎక్స్‌రే అంటే భయపడేవాళ్లు ఉన్నారు. ఆ భయానికి చరిత్రలో కారణం లేకపోలేదు. రాంట్‌జెన్ ఈ కిరణాలను 1895 నవంబరులో కనిపెట్టాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1896 జనవరిలో, జర్మనీలో ఒట్టో వాల్‌కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్లనే ఫోటో తీసుకున్నాడు. అందుకు 25 నిమిషాలు కిరణాల కింద కదలకుండా ఉన్నాడు. అదే ఏడాది అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ రోగులకు ఎక్స్‌రే తీయడం మొదలుపెట్టాడు. కిరణాల వల్ల కీడు ఉంటుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి ఆ కిరణాలు తగిలి ఆయన చేతికి క్యాన్సర్ వచ్చింది. వేళ్లు పోయాయి, తర్వాత చెయ్యి పోయింది. ఆ బాధతోనే 1928లో కన్నుమూశాడు. మేం ఈ రోజు తీసే ప్రతి చిన్న ఫోటో వెనక ఆయన పోగొట్టుకున్న వేళ్లు ఉన్నాయి. నేటి సెన్సర్‌కు సెకనులో కొద్ది వంతు చాలు. ఒక్క పన్నుకు తీసే ఫోటోతో పడే రేడియేషన్, నేల నుంచి, ఆకాశం నుంచి రోజూ మన ఒంటి మీద పడే దానికి ఇంచుమించు ఒక రోజు లెక్క. అయినా గర్భిణులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అవసరం లేనిదే ఫోటో తీయకూడదన్న నియమం మాకూ ఉంది.

ఇక రూట్ కెనాల్. ఆ పేరు వింటేనే కొందరికి చెమటలు పడతాయి. నిజానికి చేసే పని చిన్నది. పంటి నడుమ చచ్చిన నరాన్ని తీసేసి, ఆ ఖాళీని శుభ్రంగా కడిగి, గాలి చొరకుండా మూసెయ్యాలి. కష్టమంతా కాలువ ఎంత లోతుందో తెలుసుకోవడంలో ఉంది. తక్కువ లోతు వెళితే కుళ్లు మిగిలిపోతుంది, ఎక్కువైతే వేరు దాటి ఎముకలో గుచ్చుకుంటుంది. వెంట్రుకంత తేడాతో పని చెడుతుంది. దీనికి 1962లో జపాన్‌లో సునాడా అనే పరిశోధకుడు ఒక దారి చూపాడు. పెదవి లోపలి పొరకూ, పంటి వేరు చుట్టూ ఉండే పొరకూ మధ్య విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డు, ఎవరి నోట్లో చూసినా, ఏ పన్ను చూసినా ఇంచుమించు ఒకటే. ఈ ఆధారం మీద చేసిందే ఇప్పుడు మా బల్ల మీద ఉండే చిన్న పెట్టె. పెదవికి ఒక కొక్కెం తగిలిస్తాం, కాలువలోకి సూదిలాంటి ఫైలు పంపిస్తాం. కొస దగ్గరయ్యేకొద్దీ టిక్ టిక్ శబ్దం వేగం పెరుగుతుంది. సరిగ్గా చివరకు చేరగానే ఆగని మోత. పెద్దావిడ ఆ మోత విని కళ్లు పెద్దవి చేసింది. "అడుగు అందింది పెద్దమ్మా" అన్నాను. బావి తవ్వేవాళ్ల మాట ఆమెకు వెంటనే అర్థమైంది.

ఆ ఫైళ్లు కూడా మారాయి. పూర్వం స్టీలువి ఉండేవి, వాటిని వేళ్ల మధ్య తిప్పీ తిప్పీ చేతులు కాయలు కాసేవి. పంటి కాలువ తిన్నగా ఉండదు, చింతకాయలా వంగి ఉంటుంది. స్టీలు ఫైలు వంగనని మొండికేసి వేరు గోడకు గండి కొట్టేది. నికెల్, టైటానియం కలిపిన లోహానికి వంగి మళ్లీ తన రూపానికి వచ్చే గుణం ఉంది. పళ్లకు వేసే క్లిప్పుల తీగ ఆ లోహందే. ఆ తీగనే చెక్కి 1988లో మొదటిసారి ఫైళ్లు చేసి చూశారు. ఇప్పుడు చిన్న మోటారు వాటిని తిప్పుతుంది, వంపులో ఒదిగి దిగుతాయి. నాలుగైదు సార్లు తిప్పుకుని చేసే పని ఒకటి రెండు సార్లలో ముగుస్తోంది. కూలి మానుకుని బస్సెక్కి వచ్చే మనిషికి మిగిలిన ఆ రోజుల విలువ నాకు తెలుసు.

నొప్పి గురించి చెప్పకుండా పళ్ల గురించి మాట్లాడలేం. మత్తు వైద్యం లోకమంతా పాకడం వెనక పళ్ల డాక్టర్ల చెయ్యి ఉంది. 1844 డిసెంబరులో అమెరికాలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు పీల్చి తన పన్నునే పీకించుకున్నాడు, నొప్పి తెలియలేదు. ఆయన శిష్యుడు విలియం మోర్టన్ 1846లో బాస్టన్‌లో ఈథర్‌తో ఆపరేషన్ చేయించి చూపించాడు. మా రోజువారీ పనికి ఊపిరి పోసింది మాత్రం లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు. దాన్ని 1943లో స్వీడన్‌లో నిల్స్ లాఫ్‌గ్రెన్ తయారు చేశాడు. ఇప్పుడు సూది గుచ్చే చోట ముందు తిమ్మిరి జెల్ రాస్తాం. సూది వెంట్రుకకు అక్కలాంటిది. మందు నెమ్మదిగా, చుక్కచుక్కగా పంపాలి. ఇంజెక్షన్‌లో నొప్పి ఎక్కువగా వచ్చేది మందును తొందరగా తోసేయడం వల్లే. ఆ వేగాన్ని అదుపు చేసే కంప్యూటరు యంత్రాలూ వచ్చాయి. అవి లేకపోయినా, ఓపిగ్గా అర నిమిషం ఎక్కువ తీసుకునే చెయ్యి ఉంటే చాలు. మీ డాక్టరును "కొంచెం నెమ్మదిగా ఇవ్వండి" అని అడగడానికి మొహమాటపడకండి. పై పన్ను ముట్టుకుంటే కంటి చూపు పోతుందని భయపడేవాళ్లకు ఒక్క మాట: పంటి నరం వేరు, చూపు నరం వేరు.

నల్లగొండలో కూర్చుని మాట్లాడుతూ ఫ్లోరైడు మాట ఎత్తకపోతే తప్పవుతుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. మా మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును ఎన్నో రెట్లు దాటి ఉండేది. ఆ నీళ్లు తాగుతూ పెరిగిన పిల్లలకు చిగుళ్ల కింద పన్ను తయారయ్యేటప్పుడే మరక దిగిపోతుంది. పుట్టుకలోనే పడిన మరక అది. ఎంత తోమినా పోదు. దాన్ని గార అనీ, తోముకోవడం రాదనీ వెక్కిరిస్తారు. ఆ మాట పడిన ఆడపిల్లలు చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంటారు. డిగ్రీ చదివే ఒక అమ్మాయి నా దగ్గర అరగంట కూర్చుంది, ఒక్కసారి కూడా పెదాలు విప్పి నవ్వలేదు.

తెల్లటి సుద్దమచ్చలకు ఇప్పుడు ఒక మంచి పద్ధతి ఉంది. ముందు పలచటి ఆమ్లంతో పంటి పై పొరలో ఉన్న సన్నటి రంధ్రాలను తెరుస్తాం, తర్వాత వాటిలోకి నీళ్లలాంటి రెజిన్‌ను పీల్చుకోనిస్తాం. పకోడీల పొట్లం మీద నూనె మరక పడిన చోట కాగితం పలచబడినట్టు కనిపిస్తుంది కదా, అలాగే రెజిన్ నిండిన చోట సుద్దతనం పోయి పన్ను మామూలు పన్నులా కనబడుతుంది. ఆ అమ్మాయివి లోతైన గోధుమరంగు మరకలు. వాటికి పన్ను రంగు కాంపోజిట్‌ను పొరలు పొరలుగా వేసి, ఒక్కో పొరను నీలం వెలుగుతో ఇరవై సెకన్లు గట్టిపరచాను. ఆ పదార్థం పంటికి అతుక్కోవడం వెనక 1955 నాటి ఒక ఆలోచన ఉంది. లోహానికి రంగు బాగా పట్టాలని ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారని తెలిసి, మైఖేల్ బ్యూనకోర్ అదే పని పంటి మీద చేసి చూశాడు. అంతకుముందు సిమెంటు నిలబడాలంటే మంచి పన్నును కూడా గుంటగా తొలచాల్సి వచ్చేది. ఆ అమ్మాయికి ఆరు పళ్లు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అద్దం చేతికిచ్చాను. నాలుకతో పళ్లు తడుముకుంది, మళ్లీ చూసుకుంది, తర్వాత వాళ్లమ్మ వైపు తిరిగి నవ్వింది. చున్నీ ఒళ్లోనే ఉంది.

పళ్ల మరక తీయగలం గానీ, ఎముకల్లోకి దిగిన ఫ్లోరైడును తీసే యంత్రం ఏదీ లేదు. అది దిగకుండా ఆపగలిగింది మంచినీళ్లే. మా జిల్లాలో నల్లా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు చూస్తుంటే నాకు కలిగే సంతోషం ఏ కొత్త పరికరం కొన్నప్పుడూ కలగలేదు.

ఖరీదు మాట దాచను. పెద్ద యంత్రాలు పెద్ద ఖర్చు తెస్తాయి. కానీ ఈ కాలం ఇచ్చిన గొప్ప సాధనాల్లో కొన్నిటికి కరెంటు కూడా అక్కర్లేదు. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడు అని ఒక మందు. జపాన్‌లో మొదలైంది. పుచ్చిన పాలపన్ను మీద చిన్న బ్రష్‌తో ఒక చుక్క అద్దితే చాలాసార్లు పుచ్చు అక్కడితో ఆగిపోతుంది. సూది లేదు, డ్రిల్లు లేదు. పుచ్చిన చోటు నల్లబడుతుంది, అది తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. ఏడ్చి గోల చేసే మూడేళ్ల పిల్లాడికీ, మంచం పట్టిన తాతకూ ఇది వరం. గ్లాస్ అయనోమర్ అనే సిమెంటు ఇంకొకటి, తనలోంచి కొద్దికొద్దిగా ఫ్లోరైడును పంటికి ఇస్తూ ఉంటుంది. ఈ రెండిటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మీ పిల్లల పళ్లకు వీటి గురించి అడగండి. ఖర్చుకు వెనకాడేవాళ్లకు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది, జిల్లాల్లో డెంటల్ కాలేజీలకు అనుబంధంగా ఆస్పత్రులు ఉన్నాయి. అక్కడ తక్కువ ఖర్చుతో పని జరుగుతుంది.

పళ్లన్నీ పోయినవాళ్ల సంగతి. మా వైపు సంక్రాంతికి సకినాలు వండని ఇల్లుండదు. బియ్యప్పిండి, నువ్వులు, వాము, కరకరలాడే గట్టి చుట్టలు. నాకు తెలిసిన ఒక తాతకు కింది కట్టుడు పళ్ల సెట్టు మాటిమాటికీ లేచి వచ్చేది. ఏటా సకినాలను కోడలితో రోట్లో దంచించుకుని, పాలల్లో నానబెట్టుకుని తినేవాడు. ఆయన కింది దవడలో ముందువైపు రెండు టైటానియం ఇంప్లాంట్లు వేసి, వాటికి సెట్టు గుండీలా పట్టుకునేట్టు చేశాం. కింది దవడలో ఒక్క పన్నూ లేనివాళ్లకు కనీసం ఇది అందాలని 2002లో కెనడాలోని మాంట్రియల్‌లో కూడిన నిపుణులు చెప్పారు. టైటానియం ఎముకతో కలిసిపోతుందని తెలిసింది అనుకోకుండానే. 1952 ప్రాంతంలో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే శాస్త్రవేత్త, కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణ చూడటానికి టైటానియం గొట్టం అమర్చాడు. పరీక్ష అయ్యాక ఊడదీయబోతే రాలేదు. ఎముక దాన్ని తనలో కలుపుకుంది. ఆయన 1965లో మొదటిసారి ఒక మనిషికి ఈ పళ్లు కట్టాడు. ఆ మనిషి నలభై ఏళ్లు దాటి వాటితోనే తిని, 2006లో చనిపోయాడు.

ఇంప్లాంటు వేసే ముందు త్రీడీ స్కాన్ తీస్తాం, సీబీసీటీ అంటారు. కింది దవడ లోపల ఒక నరం వెళుతుంది. అది దెబ్బతింటే పెదవి తిమ్మిరెక్కి అలాగే ఉండిపోవచ్చు. స్కాన్‌లో ఆ నరం ఎంత దూరాన ఉందో మిల్లీమీటర్లలో కొలుచుకుంటాం. షుగరు అదుపులో లేనివాళ్లూ, బీడీ, చుట్ట మానలేనివాళ్లూ తొందరపడొద్దు. ఎముక పట్టు సరిగ్గా దొరక్కపోవచ్చు. అచ్చు తీసే తంటా కూడా తగ్గింది. నోట్లో ముద్ద పెట్టి ఓకరింతలు తెప్పించే పని బదులు పెన్నులాంటి కెమెరా తిప్పితే పళ్ల రూపం తెర మీద తయారవుతుంది. ఆ ఫైలు క్షణాల్లో హైదరాబాదు ల్యాబుకు చేరుతుంది.

యంత్రాలన్నీ ఒక ఎత్తు, వాటి శుభ్రత ఒక ఎత్తు. మా పరికరాలను ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరిలో, వత్తిడిలో ఉడికిస్తాం. వాటిని పెట్టిన కవరు మీద ఒక గుర్తు ఉంటుంది, వేడి తగిలితే రంగు మారుతుంది. ఏ ఆస్పత్రిలోనైనా, "ఆ కవరు నా ముందు విప్పండి" అని అడిగే హక్కు మీకుంది. అడిగితే కోపం వచ్చే డాక్టరు దగ్గర నోరు తెరవకపోవడమే మేలు.

నోటి క్యాన్సర్‌ను మాత్రం ఇప్పటికీ పాత అద్దం, మంచి వెలుతురే పట్టిస్తాయి. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటు ఉంది. అంగిలి కాలి కాలి అక్కడ క్యాన్సర్ వస్తుంది. గుట్కా తినేవాళ్లకు నోరు తెరుచుకోవడం తగ్గుతూ వస్తుంది. నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోయినా, తెల్లమచ్చ గీకినా పోకపోయినా వెంటనే రండి. పల్లెలోని డాక్టరు ఫోనుతో తీసి పంపిన ఫోటో చూసి పట్నంలోని నిపుణుడు అదే రోజు పిలిపించగలుగుతున్నాడు. ఆ ఫోను ఇప్పుడు చాలామంది చేతుల్లో ఉంది.

పెద్దావిడకు రెండు దఫాల్లో పని అయిపోయింది, పన్నుకు తొడుగు వేశాం. ఆర్నెల్ల తర్వాత రమ్మంటే శ్రావణమాసంలో వచ్చింది. ఈసారి చెంప మీద కొంగు లేదు. సెన్సర్ పెట్టి మళ్లీ ఫోటో తీశాను. పాతదీ కొత్తదీ తెర మీద పక్కపక్కన పెట్టాను. వేరు కొసన కందిగింజంత నలుపు ఉన్న చోట ఇప్పుడు బూడిదరంగు జాలీ అల్లుకుంటోంది. ఆమె కుర్చీలోంచి ముందుకు వంగి, నేను చూపించకముందే ఆ చోట తనే వేలు పెట్టింది.

"నల్లది ఏడబోయింది బిడ్డా?"

"ఎముక పూడ్చుకుంటున్నది పెద్దమ్మా."

ఆ రెండు బొమ్మలూ కాగితం మీద తీసిమ్మంది. మడిచి రొంటిన దోపుకుంటూ, ఇంటి దగ్గర చెల్లెలు పన్ను పీకించుకోవడానికి తయారుగా కూర్చుందనీ, దానికి చూపించాలనీ చెప్పింది.